సుల్లా వచ్చిన దారిన

అక్టోబరు 30, రోమ్

రోమ్ టెర్మినీ స్టేషన్ కింది అంతస్తులో ఓ బర్గర్ల షాపుంది. అందులో కాలేజీ పిల్లలు ఫ్రైస్ తింటూ ఫోన్లు చూసుకుంటుంటే, పక్కనే క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దపు కోటగోడ ముక్క ఒకటి నిలబడి ఉంది.

"బావగారూ, రాత్రంతా నిద్ర లేకుండా వచ్చింది ఈ గోడ చూడ్డానికా?" అన్నాడు బామ్మర్ది. రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాడు. కొలోసియం ముందు ఫోటో దిగాలని నాతో బయల్దేరినవాడు. ఆ సంగతి రోజుకోసారి గుర్తు చేస్తూనే ఉన్నాడు.

నేను జూనియర్ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు చరిత్ర చెప్పాను. సీజర్ సైన్యంతో సరిహద్దు ఏరు రూబికాన్ దాటి రోమ్ మీదకు రావడం చెప్పడానికి ఒక పీరియడ్ మొత్తం పట్టేది. పిల్లలకీ ఇష్టం, నాకూ ఇష్టం. అంతకు ముందటి సేనాపతి సుల్లాకి మాత్రం నోట్సులో ఒకటే లైను: "క్రీ.పూ. 88లో సుల్లా సైన్యంతో రోమ్‌ను ఆక్రమించెను." అది డిక్టేట్ చేసి ముందుకెళ్ళిపోయేవాణ్ణి. రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటే తెలిసొచ్చింది, సీజర్ కంటే 39 ఏళ్ళ ముందే అసలు పని అయిపోయిందని. సీజర్ చేసింది రెండోసారి చేయడం. ఆ ఒక్క లైను బాకీ తీర్చుకుందామని ఈ ప్రయాణం.

ఈ గోడ ఎందుకంటే, దాదాపు దీని వెంబడే రోమ్‌కి ఒక హద్దు ఉండేది. పొమేరియం అనేవారు. ఎంతటి సేనాపతైనా సరే, ఆ గీత లోపలికొచ్చాడంటే మామూలు పౌరుడే. విజయోత్సవం రోజున తప్ప సైన్యం ఆయుధాలతో లోపల అడుగు పెట్టకూడదు. వందల ఏళ్ళు అలాగే నడిచింది.

సాయంత్రం నడుచుకుంటూ గాలియెనస్ తోరణం దాకా వెళ్ళాం. శాన్ వీటో చర్చిని ఆనుకుని, రెండు ఇళ్ళ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఒక్కటే ఆర్చి. దాని కిందుగా స్కూలు నుంచి పిల్లల్ని తీసుకెళ్ళే తల్లులు, కూరగాయల సంచులు. ఎస్క్విలైన్ ద్వారం ఉన్న చోటు ఇదే. సుల్లా లోపలికి వచ్చింది ఇక్కణ్ణించే.

అప్పుడాయన తిరుగుబాటుదారు కాదు, ఆ ఏడాది కాన్సులు, అంటే ఏడాదికోసారి ఎన్నికయ్యే ఇద్దరు అత్యున్నత పాలకుల్లో ఒకడు. తూర్పున పోంటస్ రాజు మిత్రిడేటిస్ మీద యుద్ధం. ఆ సేనాపత్యం సెనేటు సుల్లాకే ఇచ్చింది. అందులో కీర్తీ ఉంది, కొల్లసొమ్మూ ఉంది. డెబ్భయ్యో పడికి దగ్గరపడ్డ పాత సేనాపతి మారియస్‌కి దాని మీద కన్ను పడింది. సల్పీసియస్ అనే ట్రిబ్యూన్ (ప్రజల తరఫున ఎన్నికైన అధికారి) ప్రజాసభలో చట్టం చేయించి సేనాపత్యాన్ని మారియస్ పేరుకు మార్చేశాడు. సుల్లా నేరుగా నోలా దగ్గరున్న తన సైన్యం దగ్గరికెళ్ళి జరిగింది చెప్పాడు. సేనను తమకు అప్పగించమంటూ మారియస్ పంపిన అధికారుల్ని సైనికులు రాళ్ళతో కొట్టి చంపారు. ఆరు లీజియన్లు, అంటే ఒక్కోటి కొన్ని వేల మంది దళం, రోమ్ దారి పట్టాయి.

ఇక్కడ నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. సుల్లా కింది పెద్ద అధికారుల్లో ఒక్కడు తప్ప అందరూ అతన్ని వదిలి వెళ్ళిపోయారు. సొంత ఊరి మీదకు సైన్యాన్ని నడపడం వాళ్ళ వల్ల కాలేదు. సైనికులకు మాత్రం ఆ బెంగ లేదు. ఎందుకు లేదంటే, క్రీ.పూ. 107లో ఇదే మారియస్ సెంటు భూమి లేనివాళ్ళని కూడా సైన్యంలో చేర్చుకోవడం మొదలుపెట్టాడు. అలాంటివాడికి రేపు నాలుగెకరాలు రావాలన్నా, కొల్లలో వాటా రావాలన్నా ఇప్పించేది సేనాపతే. సెనేటు కాదు, రోమ్ కాదు. మారియస్ వేసిన విత్తనం మారియస్ మీదకే మొలిచింది.

దారిలో ఎదురొచ్చిన దూతలు అడిగారట, మాతృభూమి మీదకి ఆయుధాలతో ఎందుకొస్తున్నావని. "నిరంకుశుల నుంచి దాన్ని విడిపించడానికి" అన్నాడట సుల్లా. ఈ మాట గుర్తు పెట్టుకోమని బామ్మర్దికి చెప్పాను. ఆయన పక్క సందులో బంగ్లాదేశీయుల కొట్లో పచ్చిమిరపకాయలు కనిపిస్తే అటు వెళ్ళిపోయాడు.

ఆ చుట్టుపక్కలే వీధి యుద్ధం జరిగింది. జనం మేడలెక్కి పెంకులు, రాళ్ళు విసిరారు. సుల్లా తనే కాగడా అందుకుని ఇళ్ళు తగలబెట్టమన్నాడని ప్రాచీన రచయిత ప్లూటార్క్ రాశాడు. సాయంత్రానికి ఊరు చేతికొచ్చింది. పన్నెండు మందిని దేశద్రోహులుగా ప్రకటించారు. సల్పీసియస్ తల ఊరి నడిబొడ్డు కూడలి ఫోరంలో వేదిక మీదకెక్కింది. మారియస్ పారిపోయాడు. ఆయన్ని మళ్ళీ కలుస్తాం.

తోరణం దగ్గర సుల్లా పేరుతో బోర్డేమైనా ఉందేమోనని వెతికాను. నాకైతే కనబడలేదు.

అక్టోబరు 31, ఫోరం

పొద్దున్నే వాన. టికెట్లు ముందే కొన్నాం కాబట్టి గొడుగేసుకుని దిగాం.

సీజర్‌ని దహనం చేసిన చోట కట్టిన గుడి శిథిలం ముందు చిన్న క్యూ. రేకుల కప్పు కింద ఓ మట్టిదిబ్బ, దాని మీద ఎవరో పెట్టిన పూలు, చిల్లర నాణేలు. రెండు వేల ఏళ్ళ తరవాత కూడా పూలు పెడుతున్నారు. ఎంత లేదన్నా అక్కడ ఐదు నిమిషాలు నిలబడకుండా ఎవరూ పోవట్లేదు.

ఫోరం అవతలి కొసన, పాత దస్త్రాల భవనం టాబులేరియం గోడ కింద, ఎవరూ ఆగని చోట కాంకోర్డ్ గుడి పునాది ఉంది. కాంకోర్డ్ అంటే సఖ్యత. ఈ గుడి కథ చెప్పాలంటే గ్రాకస్ అన్నదమ్ముల దగ్గర మొదలెట్టాలి. ఇక్కడ బామ్మర్ది చెవులు రిక్కించాడు, ఎందుకంటే అది ల్యాండ్ సీలింగ్ వ్యవహారం.

క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్ ట్రిబ్యూన్ అయ్యాడు. ప్రభుత్వ భూమిని ఎవరూ 500 జూగెరాలకు మించి అట్టేపెట్టుకోకూడదు, మిగిలింది పేదలకి పంచాలి అన్నాడు. 500 జూగెరాలంటే మన లెక్కలో సుమారు 310 ఎకరాలు.

"మూడొందల పది ఎకరాలా! మన 73 చట్టంలో మెట్టకి మించితే మించితే 54. దానికే మా ప్రాణాలు తీశారు," అన్నాడు బామ్మర్ది. "బినామీలు లేరా మరి?"

లేకేం. ఆ పరిమితి కొత్తది కాదు, టైబీరియస్ కంటే చాలా ముందునాటిది. దాన్ని తెచ్చినవాడిగా చెప్పే లిసీనియస్ స్టోలో మీదే క్రీ.పూ. 357లో జరిమానా పడింది. కొడుకుని కాగితాల మీద వేరు కాపురం పెట్టించి, ఇద్దరి పేరునా కలిపి వెయ్యి జూగెరాలు అట్టేపెట్టాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఇది విని బామ్మర్ది వానలోనే పగలబడి నవ్వాడు. రోమ్ చరిత్రలో ఆయనకి నచ్చిన మొదటి మనిషి స్టోలో.

టైబీరియస్‌కి నవ్వులాట కాలేదు. రెండోసారి ట్రిబ్యూన్ కావాలని చూస్తే, రాజు కావాలనుకుంటున్నాడంటూ సెనేటర్లు బెంచీల కాళ్ళు విరగ్గొట్టుకుని వచ్చి కొండ మీద కొట్టి చంపారు. దాదాపు 300 మందిని చంపి టైబర్ నదిలో పడేశారు. కత్తి ఒక్కటీ లేదు, అన్నీ కర్రలే. పన్నెండేళ్ళకి తమ్ముడు గైయస్ వంతు. కాన్సుల్ ఒపీమియస్ అతని తలకి తలెత్తు బంగారం ఇస్తానన్నాడు. తెచ్చినవాడు తలలో మెదడు తీసేసి సీసం పోశాడట, తూకం 17 పౌన్లు దాటింది. ఆ గొడవలో మూడు వేల మందిని చంపించి, ఆ వెంటనే ఒపీమియస్ సఖ్యతా దేవికి గుడి కట్టించాడు. ఓ రాత్రి ఎవరో దాని మీద, పిచ్చి కలహం కట్టిన సఖ్యత గుడి అని రాసిపోయారు. ఇప్పుడు మా ముందున్న పునాది తరవాత తిరగకట్టినదే, కానీ చోటు అదే.

దీనికి దగ్గర్లోనే రోస్ట్రా, ఉపన్యాసాల వేదిక. క్రీ.పూ. 82లో సుల్లా రెండోసారి రోమ్ పట్టుకున్నాక ఫోరంలో పేర్ల జాబితాలు అంటించాడు. మొదటి రోజు 80 పేర్లు. ఒకరోజు ఆగి 220. ఆ మర్నాడు మళ్ళీ అన్నే. పేరున్నవాణ్ణి ఎవరైనా చంపొచ్చు, తలకి రెండు టాలెంట్ల వెండి బహుమానం, బానిస చంపినా సరే. ఆస్తి వేలానికి పోతుంది. కొడుకులు, మనవలు పదవులకి అనర్హులు.

రాజకీయాల జోలికి పోని క్వింటస్ అరీలియస్ అనే పెద్దమనిషి ఎవరి పేర్లున్నాయో చూద్దామని వచ్చి, తన పేరే చదువుకున్నాడు. "అయ్యో, అల్బా దగ్గరున్న నా తోటే నన్ను చంపింది," అన్నాడట. కొద్ది దూరం నడిచాడో లేదో చంపేశారు.

బామ్మర్ది ఈసారి నవ్వలేదు. "మంచి భూమి ఉండటం కూడా నేరమే ఒక్కోసారి," అని గొడుగు ముడిచాడు. వాన ఆగిపోయింది.

నవంబరు 1, కోలైన్ ద్వారం

ఇవాళ ఇటలీలో సకల పునీతుల పండగ, సెలవు. వెంటి సెట్టెంబ్రే వీధి బోసిగా ఉంది. ఆర్థిక మంత్రిత్వ శాఖ భవనం అంత పొడుగూ తలుపులు మూసే ఉన్నాయి. ఈ భవనం కట్టేటప్పుడే కోలైన్ ద్వారం పునాదులు బయటపడ్డాయి.

నేను కావాలనే ఇవాళ పెట్టుకున్నాను. క్రీ.పూ. 82లో ఈ ద్వారం ముందు యుద్ధం జరిగింది రోమన్ల క్యాలెండరులో నవంబరు 1నే. తూర్పు యుద్ధం ముగించుకుని సుల్లా తిరిగొచ్చేసరికి రోమ్ మారియస్ వర్గం చేతిలో ఉంది. వాళ్ళ పక్షాన దక్షిణ ఇటలీ కొండజాతి సామ్నైట్లు పోరాడారు. వాళ్ళ నాయకుడు పోంటియస్ టెలెసినస్, తోడేళ్ళు గూడు కట్టుకున్న అడవిని నరికితే తప్ప ఇటలీకి స్వేచ్ఛ లేదని అరిచాడట. అడవంటే రోమ్. సాయంత్రం మొదలైన పోరు రాత్రి దాకా సాగింది. సుల్లా ఉన్న ఎడమ పక్షం విరిగింది, కుడి పక్షం అతని సేనాని క్రాసస్ నిలబెట్టాడు. రెండు వైపులా కలిపి యాభై వేల మంది పోయారని ప్రాచీన చరిత్రకారుడు అప్పియన్ లెక్క. ఆ రోజుల లెక్కల్ని నేను సగానికి కోసుకుని చదువుతాను, సగమైనా తక్కువేం కాదు.

ఇప్పుడక్కడ ఓ కాఫీ బార్ తెరిచి ఉంది. కాఫీ ఓ గుక్కెడే పోశాడని బామ్మర్ది అలిగాడు.

అక్కణ్ణించి మార్సెల్లస్ థియేటర్ వైపు. మూడు తెల్ల స్తంభాలు నిలబడి ఉంటాయి, అందరూ వాటినే ఫోటో తీస్తారు. అవి అపోలో గుడివి. దాని పక్కనే రాళ్ళగుట్టలా మిగిలిన పునాది యుద్ధ దేవత బెల్లోనా గుడి. కోలైన్ యుద్ధం తరవాత సుల్లా ఇక్కడ సెనేటుని సమావేశపరిచాడు. ఆయన మాట్లాడుతుండగా బయట ఖైదీల్ని నరకడం మొదలైంది. ప్లూటార్క్ ప్రకారం ఆరు వేల మంది. ఆ కేకలకి సెనేటర్లు ఉలిక్కిపడితే, సుల్లా మొహంలో ఏ మార్పూ లేకుండా, నా మాట వినండి, అక్కడ కొందరు దుర్మార్గులకి బుద్ధి చెబుతున్నారంతే అన్నాడట.

నేను క్లాసులో అల్లరి చేసేవాళ్ళని చూపించి మిగతావాళ్ళతో "మీరిటు వినండి" అనేవాణ్ణి. సరిగ్గా అదే గొంతు. ఆ రాళ్ళ ముందు నిలబడితే అదే గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

మధ్యాహ్నం లార్గో అర్జెంటీనా. నాలుగు గుళ్ళ శిథిలాలు, రోడ్డుకి ఓ అంతస్తు కింద. ఇప్పుడు లోపల నడవడానికి దారి వేశారు. గుళ్ళ వెనక, రోడ్డు గోడకి ఆనుకుని పెద్ద రాతి దిమ్మెలు. అది సీజర్ ప్రత్యర్థి పాంపే కట్టించిన సెనేటు మందిరం పునాది. క్రీ.పూ. 44 మార్చి 15న సీజర్ పడిపోయింది ఇక్కడే. 23 పోట్లు. వాటిలో ప్రాణం తీసింది రొమ్ములో దిగిన రెండోది ఒక్కటేనని వైద్యుడు చెప్పాడట. చంపినవాళ్ళు పారిపోతే ముగ్గురు బానిసలు పల్లకీలో పడుకోబెట్టి ఇంటికి మోశారు. ఒక చెయ్యి బయటికి వేలాడుతూనే ఉందట.

ఆ దిమ్మె మీద ఇవాళ ఓ నల్లమచ్చల పిల్లి ముందరి కాళ్ళు మడుచుకుని పడుకుంది. ఈ శిథిలాల్లో పిల్లుల సంరక్షణ కేంద్రమే ఉంది. బామ్మర్ది దానికి ఇరవై ఫోటోలు తీశాడు, సీజర్ పునాదికి ఒకటి.

సీజర్‌కి పద్దెనిమిదేళ్ళప్పుడు సుల్లా ఓ ఆజ్ఞ ఇచ్చాడు. భార్య కొర్నీలియా తన శత్రువు సిన్నా కూతురు కనుక ఆమెని వదిలెయ్యమని. వదలనన్నాడు సీజర్. రాత్రికో చోట దాక్కుంటూ, జ్వరంతో తిరిగాడు. బంధువులు బతిమాలి ప్రాణభిక్ష పెట్టించారు. సుల్లా మాత్రం పని అయ్యాక నియంత పదవి తనే వదులుకుని ఇంటికెళ్ళిపోయాడు. పెద్దయ్యాక సీజర్ దాని గురించి, అలా వదులుకున్నాడంటే సుల్లాకి రాజకీయాల్లో ఓనమాలు రావు అన్నాడట. తను వదల్లేదు. ఫలితం పిల్లి కింద ఉంది.

నవంబరు 2, పాలెస్ట్రీనా

మెట్రో చివరి స్టేషన్లో బస్సెక్కి కొండ మీది పాలెస్ట్రీనాకి. పాత పేరు ప్రెనెస్టే. బస్టాపు దగ్గర బకెట్ల నిండా చామంతులు. పసుపు, తెలుపు, ముదురు ఎరుపు, కొన్ని గుప్పెడంత పెద్దవి. మన వీధి చివర పూలబండి చూసినట్టే ఉంది. హోటల్ గదిలో వెంకన్న ఫోటో ముందు పెడదామని బామ్మర్ది ఓ గుత్తి బేరమాడాడు. పూలమ్మే పెద్దావిడ కాగితంలో చుట్టి ఇచ్చి, బామ్మర్ది భుజం మీద చెయ్యేసి ఏదో మెల్లగా అంది. ముఖంలో జాలి. ఫోన్లో చూసుకుంటే తెలిసింది: ఇవాళ పితృదేవతల రోజు. ఇక్కడ చామంతి సమాధుల పువ్వు, ఎవరూ ఇంట్లో పెట్టుకోరు. ఎవరు పోయారని పరామర్శించింది పాపం.

ఊరంతా మెట్లే. అదృష్ట దేవత ఫోర్చూనా గుడి కొండ వాలంతా అంచెలంచెలుగా పరుచుకుని ఉండేది. 1944లో బాంబులు పడి పైనున్న ఇళ్ళు కూలాకే కింది గుడి ఇంత పెద్దదని బయటపడింది. మ్యూజియంలో నైలు నది మొజాయిక్ ఉంది: వరద నీళ్ళు, మొసళ్ళు, నీటి ఏనుగులు, పడవలు. ఒక్కో రాయి వేలిగోరు కంటే చిన్నది. గంట సేపు చూసినా మోకాళ్ళ నొప్పి గుర్తు రాలేదు.

ఆ గుడి మెట్ల మీద కూర్చుంటే కింద మైదానం అంతా కనిపిస్తుంది. క్రీ.పూ. 82లో మారియస్ కొడుకు ఈ ఊళ్ళో చిక్కుకున్నాడు. పాతికేళ్ళు దాటీ దాటకుండానే కాన్సులైనవాడు. కోలైన్ దగ్గర ఓడిన నాయకుల తలల్ని తెచ్చి గోడల ముందు చూపిస్తే ఊరు లొంగిపోయింది. కుర్రాడు సొరంగంలోంచి తప్పించుకోబోయి కుదరక ప్రాణం తీసుకున్నాడు.

సుల్లా స్వయంగా వచ్చాడు. మొదట ఒక్కొక్కరినీ విచారించాడు. తరవాత టైము లేదని అందరినీ ఒకచోట చేర్చి పన్నెండు వేల మందిని చంపమన్నాడు. ఎప్పుడో తనకి ఆతిథ్యమిచ్చిన ఒకాయన్ని మాత్రం నువ్వు వెళ్ళిపోవచ్చు అన్నాడు. నా ఊరిని చంపినవాడికి నా ప్రాణం బాకీ పడలేనని, ఆయన నడుచుకుంటూ వెళ్ళి తన ఊరివాళ్ళ గుంపులో కలిసిపోయాడు. పేరు ఎవరూ రాయలేదు.

బామ్మర్ది కాసేపు ఏమీ అనలేదు. లేచి, ఆ చామంతి గుత్తిని పై మెట్టు మీద పెట్టి వచ్చాడు. "హోటల్‌కి ఎందుకులెండి," అన్నాడు.

నవంబరు 3, రూబికాన్

బొలోన్యాలో ట్రైను మారి రిమిని, అక్కణ్ణించి చిన్న ట్రైన్లో సవిన్యానో. టికెట్ మీద స్టేషన్ మెషీన్లో స్టాంపు కొట్టించుకోవాలని మాకు తెలియదు. ఫైన్ కట్టాం. తప్పు మాదే, అయినా టెన్షన్లో బామ్మర్ది టీసీకి తన రెవెన్యూ ఐడీ కార్డు చూపించాడు, ఏం ఉపయోగమో ఆయనకే తెలియాలి.

రూబికాన్ చూసి నవ్వొచ్చింది. పొలాలకి నీళ్ళు పెట్టే మేజర్ కాలవ ఇంతకంటే వెడల్పు. రెల్లు, పచ్చటి నీళ్ళు. దాని మీద మూడు కమానుల రోమన్ వంతెన, యుద్ధంలో పేల్చేస్తే మళ్ళీ కట్టినది. పక్కన సీజర్ విగ్రహం. అసలు ఇదే రూబికానా అంటే దానికీ తగాదా ఉంది. మరో రెండు వాగులు మేమంటే మేమంటాయి. ముస్సోలినీ ప్రభుత్వం 1933లో ఈ ఊరి పేరు పక్కన రూబికాన్ చేర్చి తీర్పు చెప్పేసింది.

క్రీ.పూ. 49 జనవరి 10 రాత్రి. గాల్‌లో, అంటే ఇప్పటి ఫ్రాన్సు వైపు, సీజర్ గవర్నరు పదవీకాలం ముగుస్తోంది. పదవి లేకుండా రోమ్‌లో అడుగు పెడితే కేసులు పెడతారు. పదవి వదలకుండానే ఎన్నికల్లో నిలబడతానంటే సెనేటు ఒప్పుకోలేదు. వీటో చేసిన ట్రిబ్యూన్లు ఆంటోనీ, కాసియస్ పారిపోయి సీజర్‌ని చేరారు. సీజర్ జీవితకథ రాసిన స్వీటోనియస్‌ని చదివితే సినిమా అంతా దిగిపోతుంది: సీజర్ ఎవరికీ అనుమానం రాకుండా విందులో కూర్చుని, చీకటి పడ్డాక దగ్గర్లోని రొట్టెల బట్టీ నుంచి కంచరగాడిదలు తెప్పించి బండికి కట్టించాడు. కాగడాలు ఆరిపోయి దారి తప్పాడు. తెల్లవారుజామున ఎవరో దారి చూపితే సందుల్లో నడుచుకుంటూ ఏటి గట్టు చేరాడు. వెంట ఒక్క లీజియన్, పదమూడోది.

రోమన్ల క్యాలెండరు అప్పటికి గాడి తప్పి ఉంది, వాళ్ళ జనవరి నిజానికి నవంబరు చివర పడింది. అంటే దాదాపు ఇదే చలి, ఇదే మబ్బు.

తను రాసుకున్న యుద్ధ వృత్తాంతంలో సీజర్ ఈ ఏటి పేరే ఎత్తలేదు. ఏరు దాటుతూ సీజర్ అన్నాడని చెప్పే పాచిక విసిరేశాం అన్న మాట కూడా వేరేవాళ్ళు రాసిందే. సుల్లా పేరు మాత్రం ఎత్తాడు: ట్రిబ్యూన్ల అధికారాలన్నీ ఊడబెరికిన సుల్లా కూడా వీటోని ముట్టుకోలేదు, మీరు ముట్టుకున్నారు అని. అవతలి పక్షంలో పాంపేకీ సుల్లానే తలపులో ఉన్నాడు. సుల్లా చేయగలిగినప్పుడు నేను చేయలేనా అనేవాడని సెనేటరు, పేరున్న వక్త సిసెరో ఉత్తరాల్లో ఉంది. ఏటికి ఇటువైపున్నవాడూ అటువైపున్నవాడూ ఒకే పాఠం చదువుకుని వచ్చారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ పాఠాన్నే నేను ఒక లైనులో దాటేశాను.

రాత్రి రిమినిలో బస. ఊరి మధ్య చౌకులో, సీజర్ సైనికులతో మాట్లాడింది ఇక్కడేనంటూ 1555లో పెట్టిన రాయి. అదే చౌకులో 1944 ఆగస్టులో ముగ్గురు కుర్రాళ్ళని ఉరి తీశారు, ఫాసిస్టుల్ని ఎదిరించినందుకు. చౌకుకి ఇప్పుడు వాళ్ళ పేరే, సీజర్ పేరు తీసేసి ముగ్గురు అమరుల చౌకు అన్నారు. ఇటలీలో నాకు నచ్చిన పేరు మార్పు ఇదొక్కటే.

నవంబరు 4

రైలు, వాన, కాళ్ళ నొప్పులు. స్టేషన్ ఎదుటే ఉన్న పలాట్సో మాస్సిమో మ్యూజియంలో ఓ గంట. కింది అంతస్తులో నాణేలు. తరవాతి రోజుల చక్రవర్తి ఆగస్టస్ మనవలు గైయస్, లూసియస్ డాళ్ళు పట్టుకుని నిలబడిన వెండి డినేరియస్ చూపించాను. మన దేశంలో దొరికే రోమన్ వెండిలో తరచూ కనిపించే రకం. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి నాణేలు వెయ్యికి పైగా బయటపడ్డాయి. "అక్కెనపల్లా! అక్కడ నేను జమాబందీ చేశాను," అని బామ్మర్ది అద్దానికి ముక్కు ఆనించాడు.

నవంబరు 5, మింటూర్నో, ఫోర్మియా

నేను అసలు వచ్చింది ఈ రోజు కోసం. రోమ్‌కి దక్షిణాన గంటన్నర ప్రయాణం. మింటూర్నో స్టేషన్లో దిగితే టాక్సీ లేదు. పొలాల పక్కన నడుచుకుంటూ పాత ఊరి శిథిలాలకి చేరాం. గరిల్యానో నది దగ్గర్లోనే. అప్పట్లో ఇదంతా చిత్తడి నేల.

క్రీ.పూ. 88. రోమ్ నుంచి పారిపోయిన మారియస్‌ని ఓడవాళ్ళు ఇక్కడ ఒడ్డున దింపేసి వెళ్ళిపోయారు. ఆరుసార్లు కాన్సులైనవాడు, ఉత్తరాది తెగల నుంచి ఇటలీని కాపాడినవాడు. బట్టలు విప్పేసి, బురదలో మెడ దాకా దిగి దాక్కున్నాడు. పట్టుకుని, ఒంటినిండా బురదతో అలాగే ఊళ్ళోకి తెచ్చారు. చంపాలని ఊరి పెద్దలు తీర్మానించారు. ఊళ్ళో ఒక్కడూ కత్తి పట్టడానికి ఒప్పుకోలేదు. చివరికి ఓ విదేశీ సైనికుణ్ణి, గాల్ దేశస్థుడనీ ఉత్తరాది సింబ్రియన్ తెగవాడనీ అంటారు, లోపలికి పంపారు. చీకటి గది. మూలనుంచి "ఒరేయ్, గైయస్ మారియస్‌ని చంపే ధైర్యం ఉందిరా నీకు?" అన్న గొంతు. వాడు కత్తి పారేసి, నావల్ల కాదంటూ బయటికి పరుగెత్తాడు. ఊరివాళ్ళు సిగ్గుపడి ఓడెక్కించి పంపేశారు.

కథ ఇక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. మరుసటి ఏడు మారియస్ తిరిగొచ్చి, సిన్నాతో కలిసి రోమ్‌లో తన పగ తీర్చుకున్నాడు. ఏడోసారి కాన్సులై, రెండు వారాలు కాకుండానే పోయాడు.

మళ్ళీ రైలెక్కి ఫోర్మియా. రెండు ఊళ్ళకీ మధ్య ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. కథకి మధ్య 45 ఏళ్ళు.

క్రీ.పూ. 43 చివర్లో సీజర్ అనుచరులు ఆంటోనీ, లెపిడస్, సీజర్ దత్తపుత్రుడు ఆక్టేవియన్ బొలోన్యా దగ్గర ఏటి మధ్య లంకలో కూర్చుని సుల్లా పద్ధతిలోనే చంపాల్సినవాళ్ళ జాబితా రాసుకున్నారు. ఆంటోనీ మేనమామని ఇచ్చాడు, లెపిడస్ అన్నని ఇచ్చాడు. సిసెరోని ఇవ్వనని ఆక్టేవియన్ రెండు రోజులు పట్టుబట్టాడట. మూడో రోజు ఇచ్చేశాడు. అప్పటికతనికి ఇరవై ఏళ్ళు. ఆ కుర్రాణ్ణి సెనేటులో పైకి తెచ్చింది సిసెరోనే.

సిసెరో ఓడెక్కాడు, దిగాడు. మళ్ళీ ఎక్కాలా వద్దా అని తేల్చుకోలేకపోయాడు. డిసెంబరు 7న ఇక్కడి తన తోట ఇంటి నుంచి పనివాళ్ళు బలవంతాన పల్లకీలో సముద్రం వైపు మోసుకుపోతుంటే సైనికులు వచ్చేశారు. వాళ్ళతో వచ్చిన అధికారి పొపీలియస్‌ని ఒకప్పుడు తండ్రిని చంపిన కేసులో సిసెరోనే వాదించి బయటపడేశాడు. పల్లకీ దింపమని, తెర తీసి, మెడ బయటికి చాచాడు. 63 ఏళ్ళు. తలా, ఆంటోనీ మీద ప్రసంగాలు రాసిన చేతులూ రోస్ట్రా మీదకెక్కాయి. మేం గొడుగుతో నిలబడ్డ ఆ వేదికే.

అప్పియా రహదారి పక్కన సిసెరో సమాధి అనే రాతి బురుజు ఉంది, ఎత్తు 24 మీటర్లు. ఆయనదేనని రుజువు లేదు. చుట్టూ ఆలివ్ చెట్లు, రోడ్డు మీద లారీల మోత. మింటూర్నోలో కత్తి పట్టడానికి ఊరంతా వెతికితే ఒక పరాయివాడు దొరికాడు, వాడూ పారేసి పారిపోయాడు. ఇక్కడ ప్రాణం నిలబెట్టిన లాయరుని చంపడానికి కక్షిదారే వచ్చాడు. నేను సెలవు పెట్టి, పెన్షన్ డబ్బు పెట్టి చూడాలనుకున్న తేడా ఇదే. చూశాను.

"సెలవెక్కడిది బావగారూ, మీరు రిటైరయ్యారు," అన్నాడు బామ్మర్ది నా నోట్‌బుక్‌లోకి తొంగి చూసి. నిజమే. అలవాటు.

నవంబరు 6, రోమ్

పొద్దున కొలోసియం ముందు బామ్మర్ది ఫోటోలు, మొత్తం 41. మాట నిలబెట్టుకున్నాను.

విమానానికి టైముందని ఆరా పాచిస్‌కి వెళ్ళాం, ఆగస్టస్ శాంతి పీఠం. ఆ ఇరవై ఏళ్ళ ఆక్టేవియనే ఆగస్టస్. మ్యూజియం బయటి గోడ మీద, రిపెట్టా వీధి వైపు, ఆయన తన గురించి తను రాసుకున్నది లాటిన్లో చెక్కి ఉంది. మొదలే ఇలా: నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, నా సొంత నిర్ణయంతో, సొంత ఖర్చుతో సైన్యాన్ని పోగుచేసి, ఒక ముఠా పెత్తనం కింద నలిగిన రిపబ్లిక్కుకి స్వేచ్ఛ తెచ్చాను. సొంత సైన్యం పెట్టుకోవడం రాజద్రోహం. దాన్నే మొదటి వాక్యంలో గొప్పగా చెప్పుకున్నాడు. జాబితాల ముచ్చట ఎక్కడా లేదు.

వేలితో ఒక్కో మాటా చూపిస్తూ తెలుగులో చెప్పాను. రూబికాన్ దాటాక కోర్ఫీనియం అనే ఊరి దగ్గర సీజర్ అన్నది కూడా ఇదేనని, కొద్దిమంది ముఠా నుంచి ప్రజలకి స్వేచ్ఛ ఇప్పించడానికే వచ్చానన్నాడనీ చెప్పాను. మొదటి రోజు సుల్లా మాట గుర్తుందా అని అడిగాను.

"నిరంకుశుల నుంచి విడిపించడానికి," అన్నాడు బామ్మర్ది. పచ్చిమిరపకాయలు కొంటూ విన్నాడన్నమాట. గోడని ఇంకోసారి కింద నుంచి పైకి చూశాడు. "మా ఆఫీసులో ఇంతేనండీ. పాత ఫైల్లో డ్రాఫ్టు తీసి, పేరూ తేదీ మార్చి పైకి పంపేవాళ్ళం. కానీ మొదట డ్రాఫ్టు పెట్టినాయన ఇనీషియల్ కింద ఉంటుంది. ఇక్కడ ఏదీ?"

సుల్లా సమాధి కూడా ఈ మార్స్ మైదానంలోనే కట్టారని చెప్పాను. మిత్రులకి మేలు చేయడంలో, శత్రువులకి కీడు చేయడంలో తనని మించినవాడు లేడని దాని మీద రాయించుకున్నాడట. ఎక్కడుండేదో ఆనవాలు లేదు.

బామ్మర్ది చుట్టూ ఓసారి చూశాడు. బస్టాపు, ఓ సైకిల్ స్టాండు, మెట్ల మీద శాండ్‌విచ్‌లు తింటున్న స్కూలు పిల్లలు. బ్యాగు భుజాన వేసుకుని, స్టేషన్‌కి ఏ బస్సో చూడమన్నాడు.